మత్తడి గోడ మీద గడ్డి గీత

పోయిన ఆదివారం పొద్దున ఆరింటికే నల్లగొండలో బండి తీసి, కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ వైపు పోయాను. అటు మా మేనమామ వాళ్ల ఊరు. నిరుడు వానాకాలంలో మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు) పక్కన చెరువు కట్ట కోసుకుపోతుంటే ఊరోళ్లు రాత్రంతా ఇసుక బస్తాలు వేసి నిలబెట్టారు. ఇప్పుడు మత్తడి పొడిగించాలంటున్నారు, ఎంత పొడిగించాలో చెప్పాలంటే పెద్ద వానకి ఎంత వరద వస్తుందో తేలాలి. బోర్లలో ఫ్లోరైడ్ నీళ్లు పడే ప్రాంతం, ఆ చెరువు మీద ఊరికి ఎంత ఆశ ఉందో తెలుసు కాబట్టి దారి పొడవునా టెన్షనే.

నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి 1:50,000 స్కేలు టోపోషీటు, అంటే ఎత్తుల గీతలున్న మ్యాపు, రెండోది 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు, 30 మీటర్ల గడులవి. గుట్టల్లో ఇవి బాగానే పనికొస్తాయి. కాని ఇవి చదునైన చెలకలు. 20 మీటర్ల ఎత్తుకో గీత గీసిన మ్యాపులో రెండు గీతల మధ్య ఊరికి ఊరే పడుతుంది, రాడార్ ఎత్తుల్లో నాలుగైదు మీటర్ల తేడా మామూలే, మరి రెండు చెరువుల నడుమ మిట్టే రెండు మీటర్లుంటే నీళ్లు ఎటు దిగుతాయో కంప్యూటర్‌కి ఎట్లా తెలుస్తుంది? అయినా ఈ చెరువుకు నీళ్లు దిగే నేల హద్దు గీశాను. ఆ నేల, అంటే పరీవాహకం, 9 చదరపు కిలోమీటర్లు వచ్చింది. నిరుడు కట్ట కోసుకుపోతున్న రోజు మండల కేంద్రంలో గంటకు 35 మిల్లీమీటర్ల వాన, అందులో పారేది 0.4 వంతు అనుకుని గుణించి, యూనిట్లు కుదరడానికి 3.6తో భాగిస్తే సెకనుకు 35 ఘనమీటర్ల వరద.

చెరువు దగ్గర ముందు మత్తడి పక్కగోడ చూశాను. నిరుటి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చూపిస్తూ ఎండుగడ్డి, చెత్త పట్టుకుని ఒక గీత ఇంకా ఉంది. దాన్ని మత్తడి అంచు దగ్గర కొలవకూడదు, అక్కడ నీళ్లు కిందికి జారుతుంటాయి. నాలుగైదు మీటర్లు లోపల, నీళ్లు నెమ్మదిగా ఉండే చోట కొలవాలి. అంచుకన్నా 60 సెంటీమీటర్లు పైన ఉంది. మత్తడి పొడవు 30 మీటర్లు. మత్తడి మీద పారే నీళ్ల లెక్కకు వాడే 1.7ని 30తో, 0.6కి ఒకటిన్నర ఘాతంతో గుణిస్తే 24 ఘనమీటర్లే! నిండిన చెరువు కూడా వరదని కొంత ఆపుకుంటుంది, నిజమే, కాని ఇంత చిన్న చెరువు మూడో వంతు ఆపుతుందంటే నాకు నమ్మకం కుదరలేదు.

కట్ట మీద మేకలు కాస్తున్న తాతని అడిగాను. "ఆ రోడ్డు పోసినంక పైనుంచి వచ్చే ఒర్రె ఇటు రాదు బిడ్డా, అవతలి కుంటకు పోతది" అన్నాడు. ఎండలో రెండు గంటలు ఆయన వెంట నడిచాను. ఆ ఒర్రె, చిన్న వాగు, రోడ్డు కట్టకి తగిలి పక్కకి తిరిగి, తూర్పున ఉన్న పైపుల మోరీలోంచి దిగిపోతోంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఆ హద్దు వెంట నడిస్తే రెండు చదరపు కిలోమీటర్లు మన చెరువువి కావు. మిగిలిన ఏడుతో లెక్క వేస్తే 27. చెరువు ఆపుకున్న నీళ్లు తీస్తే గోడ మీది గీతకి దగ్గరగా కుదిరింది.

నిజాం కాలపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరుతో ఒక సూత్రమే ఉంది, పరీవాహక విస్తీర్ణం నుంచి గరిష్ఠ వరద తీయడానికి. అంత గొప్ప సూత్రమైనా తొమ్మిది అని ఇస్తే తొమ్మిదికే జవాబు చెబుతుంది. అందుకే ఆ నడక విలువైనది అనుకుంటాను.

మామకి ఇదంతా చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అవతలి కుంట సంగతేంది?" అన్నాడు. దాని మత్తడి పది మీటర్లు కూడా ఉండదట, కొత్తగా వచ్చిపడిన వరదంతా దాని మీదనుంచే పోవాలి. అన్నం తినకుండానే టేపు తీసుకుని ఇద్దరం అటు బయల్దేరాం.