బడికి మీ సక్సెస్ స్టోరీ కాదు, లెవెల్ పైపు పట్టుకెళ్లండి

ఉద్యోగాల గురించి చెప్పడానికి జిల్లా పరిషత్ హైస్కూళ్లకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తమ కష్టాలతో మొదలుపెట్టి ‘మీరూ సాధించగలరు’ దగ్గర ఆపుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. పాలిటెక్నిక్‌లో చేరాలంటే ఏ పరీక్ష రాయాలో మాత్రం ఎవరికీ తెలియదు.

ముందు వెళ్లే రోజులు చూసుకోండి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి సంక్రాంతి దాటాక ఏ హెడ్మాస్టరూ పదో తరగతి పీరియడ్ వదలరు, వదలకూడదు కూడా. జులై నుంచి దసరా సెలవుల లోపు వెళ్లాలి. కేంద్ర విద్యాశాఖ 2021లో తెచ్చిన విద్యాంజలి పోర్టల్‌లో వాలంటీరుగా నమోదు కావచ్చు గానీ, ఒకసారి నేరుగా వెళ్లి హెడ్మాస్టర్‌ని కలిస్తేనే గదిలో ప్లగ్ పాయింట్ పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. మూడు తరగతులను గ్రౌండ్‌లో కూర్చోబెట్టి మైకు ఇస్తామంటారు. మొహమాటపడకుండా వద్దనండి. ఒక సెక్షన్, ఒక పీరియడ్. పిల్లలు నలభై దాటితే మీరు తెచ్చిన వస్తువు వెనక బెంచీకి చేరేలోపే గంట కొట్టేస్తారు.

ఆ వస్తువు ఏమిటంటారా? సివిల్ ఇంజినీర్లయితే ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసి, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తీసుకెళ్లండి. పది మీటర్ల పారదర్శకమైన గొట్టం, అందులో కాస్త రంగు కలిపిన నీళ్లు. వరండాలో రెండు స్తంభాల దగ్గర ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుంటారు. నీళ్లు కదలడం ఆగాక రెండు చోట్లా సుద్దముక్కతో గీత గీయించి, గచ్చు నుంచి ఆ గీతల ఎత్తు టేపుతో కొలిపించండి. రెండు కొలతలకూ తేడా ఎంతో గచ్చు అంత వాలుంది. అది వాన నీరు పోవడానికి ఇచ్చిన వాలా, పని చెడిందా అని వాళ్లే వాదించుకుంటారు. గొట్టంలో గాలి బుడగ చిక్కితే మట్టం తప్పు చూపుతుంది. కొసను బొటనవేలితో మూసి మర్చిపోతే నీళ్లు అసలు కదలవు. ఈ రెండూ జరగనివ్వండి, ఎందుకలా అయిందో పిల్లల్నే అడగండి. తాపీ పని చేసేవాళ్ల ఇంటి పిల్లలుంటే జవాబు ముందు వాళ్ల దగ్గర్నుంచే రావచ్చు.

దీనికి పదిహేను నిమిషాలు పోతుంది. ఆ తర్వాత బోర్డు మీద దారి రాయండి: పదో తరగతి, పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష), మూడేళ్ల సివిల్ డిప్లొమా, ఈసెట్ (డిప్లొమా చేసినవాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే పరీక్ష), నేరుగా బీటెక్ రెండో ఏడాది. పాలిసెట్‌లో వచ్చే 120 ప్రశ్నలూ వాళ్లు చదువుతున్న లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ నుంచేనని చెబితే సగం భయం పోతుంది. పక్కనే ఇంటర్ ఎంపీసీ దారి, దాని పక్కన ఐటీఐ: వెల్డర్ ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ‘మార్కులు రానివాళ్లకు ఐటీఐ’ అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. ఆ గదిలో అటు వెళ్లబోయేవాళ్లు కూర్చునే ఉంటారు.

‘జీతం ఎంత సార్?’ అని అడక్క మానరు. ఇప్పటిది కాదు, చేరిన మొదటి నెల చేతికెంత వచ్చిందో చెప్పండి. సైటులో ఎండ, స్లాబ్ వేసే రోజు ఇంటికెళ్లే వేళ తెలియకపోవడం, అవీ చెప్పండి.

‘డౌట్స్ ఉన్నాయా?’ అంటే ముందు బెంచీలో ఇద్దరు తప్ప ఎవరూ నోరు విప్పరు. చీటీలు పంచండి, పేర్లు రాయొద్దనండి. దూరం, హాస్టల్, ఇంట్లో పంపుతారా అన్న ప్రశ్నలు బయటికొచ్చేది అప్పుడే. అందుకే దగ్గర్లోని మహిళా పాలిటెక్నిక్ ఎక్కడుందో, హాస్టల్ ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. జవాబు తెలియని చీటీలు ఇంటికి తెచ్చుకుని, వారంలోపు క్లాస్ టీచర్‌కి రాసి పంపండి. మీ ఫోన్ నంబర్ కూడా టీచర్‌కే, పిల్లలకు కాదు.

పాలిసెట్ దరఖాస్తులు మామూలుగా పబ్లిక్ పరీక్షల హడావిడి మధ్యే మొదలవుతాయి. పిల్లలు గడువు దాటబెట్టుకునేది అక్కడే. ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం ఆ టీచర్‌కి ఒక ఫోన్ చేసి, ఎంతమంది దరఖాస్తు పెట్టారో అడగండి.