సప్తభుజి చేసిన పనేనా, మూసుకోని బంధం చేసిన పనా?

కార్బన్ షడ్భుజులు వరసగా అల్లుకుంటే పలక చదునుగా ఉంటుంది. నడుమ ఒక పంచభుజి పడితే గిన్నెలా లోతు పడుతుంది, సప్తభుజి పడితే గుర్రపు జీనులా వంగుతుంది. వీటిని లోపాలని పిలుస్తారు గానీ ఇవి కోరి పెట్టుకున్నవి. అసలు భయపడాల్సింది కోరకుండా మిగిలిపోయే లోపాలకు, అంటే తయారీలో మూసుకోకుండా మిగిలిన బంధాలకు. ఇలాంటి అణువులు ఇచ్చే కాంతిని కొలిచేటప్పుడు ఈ రెంటినీ కలిపేసి చదవడమే పెద్ద తప్పు.

2013లో బోస్టన్ కాలేజీకి చెందిన స్కాట్, నగోయాకు చెందిన ఇతామి బృందాలు ప్రకటించిన సి80హెచ్30నే (80 కార్బన్లు, 30 హైడ్రోజన్లున్న వంగిన అణువు) చూడండి. కొరాన్యులీన్ (పంచభుజి చుట్టూ ఐదు షడ్భుజులున్న గిన్నె అణువు) చుట్టూ ఐదు బైఫినైల్ (రెండు షడ్భుజుల జంట) ముక్కలు తగిలిస్తే సి80హెచ్50 వస్తుంది. హైడ్రోజన్లను లాగేసే డీడీక్యూ, దానికి తోడుగా బలమైన ట్రిఫ్లిక్ ఆమ్లం కలిపితే 20 హైడ్రోజన్లు పోయి 10 కొత్త బంధాలు మూసుకుంటాయి. మొత్తం 26 వలయాలు. వాటిలో ఒక పంచభుజి, ఐదు సప్తభుజులు. ఒక్కో డీడీక్యూ అణువు రెండేసి హైడ్రోజన్లే తీసుకుంటుంది కాబట్టి లెక్క ప్రకారమే ఒక్కో అణువుకు 10 డీడీక్యూలు కావాలి, చేతిలో ఇంకాస్త ఎక్కువ ఉండాలి.

ఈ అణువు కైరలే, అంటే కుడి ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబమైన రెండు రూపాలుంటాయి. కానీ వంగే గుణం ఎక్కువ. గది వేడిమిలో కుడి రూపం ఎడమ రూపంగా మారిపోతూ ఉంటుంది, అందుకే వృత్త ధ్రువణ కాంతికి (కుడికో ఎడమకో తిరుగుతూ సాగే కాంతికి) పనికిరాదు. అదే హెలిసీన్లలో (మెట్ల చుట్టులా మెలి తిరిగిన వలయాల వరసల్లో) ఐదు వలయాలకు రూపం మారకుండా ఆపే శక్తి అడ్డుగోడ మోలుకు దాదాపు 24 కిలోకేలరీలు, ఆరు వలయాలకు 36. మొదటిది ఒక్క రోజులోనే సగానికి పైగా మారిపోతుంది, రెండోది సీసాలో నిలుస్తుంది. లోపం పెట్టేముందు చూడాల్సింది ఈ గోడనే. సప్తభుజిని బిగువైన హెలిసీన్‌కు అతికిస్తే మెలి నిలుస్తుంది, ఒంటరిగా వదిలితే ఊగుతుంది.

ఇక కాంతి. వెలుగు ఎంత, అందులో కుడి ఎడమల తేడా ఎంత అనేవి రెండు వేరు లెక్కలు. ఆరు వలయాల హెలిసీన్ మింగిన వంద ఫోటాన్లకు నాలుగింటినే ఫ్లోరెసెన్స్‌గా తిరిగి ఇస్తుంది. మిగతాది చాలావరకు వెలుగు సరిగా రాని ట్రిప్లెట్ స్థితికి జారిపోతుంది. లోపం వల్ల విద్యుత్ ద్విధ్రువం (కాంతి వెలువడేటప్పుడు ఆవేశం కదిలే బలం) పెరిగితే వెలుగు పెరుగుతుంది. అయితే కుడి ఎడమల తేడాను వాటి సగటు వెలుగుతో భాగించిన తేడా గుణకంలో అదే హారంలో కూర్చుంటుంది కనుక, అయస్కాంత ద్విధ్రువం (ఆవేశం సుడి తిరిగే బలం) దాంతోపాటు పెరగకపోతే ఆ గుణకం పడిపోతుంది. పంచభుజి, సప్తభుజి పక్కపక్కనే జంటగా పడితే మరో చిక్కు. అలాంటి జంటే అయిన అజులీన్ మొదటి ఉత్తేజ స్థితి పికోసెకన్లలో ఆరిపోతుంది, కనబడే ఉద్గారం రెండో స్థితిది. ఎరుపు వైపు జరపాలని ఈ జంటను పెట్టేవాళ్లు చీకటిని కూడా కొనుక్కుంటున్నారని గుర్తుంచుకోవాలి.

గుణకం 0.001 అంటే 2,000 ఫోటాన్లలో ఒక వైపుకు ఒక్కటే అదనం. దాన్ని పదో వంతు పొరపాటుతో కొలవాలంటే 40 కోట్ల ఫోటాన్లు లెక్కించాలి. ద్రావణం శోషణను (మింగే కాంతి కొలతను) 0.1 లోపు ఉంచండి. కుడి, ఎడమ రూపాలు రెంటినీ, వాటి సమ మిశ్రమాన్నీ కొలవండి. అయితే రెండు రూపాల వక్రాలూ అద్దంలో ప్రతిబింబాల్లా వచ్చినంత మాత్రాన నమూనా శుద్ధమని కాదు. దాంతో పరికరం తప్పులే తేలుతాయి. మలినం కూడా కైరలైతే అదీ ప్రతిబింబంగానే కనిపిస్తుంది.

అనుకోండి, నమూనాలో 2 శాతం సగం మూసుకున్న అణువుంది, దాని వెలుగు సామర్థ్యం 60 శాతం, అసలుది 4. రెండూ ఒకేలా కాంతిని మింగితే బయటికొచ్చే వెలుగులో దాదాపు నాలుగో వంతు ఆ మలినానిదే. పేరు మాత్రం సప్తభుజికి పోతుంది.

ద్రవ్యరాశి చూశాం కదా అంటే సరిపోదు. ఒక బంధం మూసుకోకపోతే 2 డాల్టన్లు (అణు ద్రవ్యరాశి ప్రమాణం) ఎక్కువ. 80 కార్బన్లున్న అణువులో రెండు కార్బన్-13లు (ఒక డాల్టన్ బరువెక్కువైన కార్బన్ రూపం) పడిన శిఖరమూ సరిగ్గా అక్కడే, ప్రధాన శిఖరంలో 37 శాతం ఎత్తున ఉంటుంది. వాటి మధ్య తేడా 0.009 డాల్టన్లే. అణువు ద్రవ్యరాశి అయిన 990 దగ్గర విడదీయాలంటే లక్షకు పైగా విభేదన శక్తి కావాలి. డీడీక్యూ బదులు ఫెర్రిక్ క్లోరైడ్ వాడినప్పుడు చేరే క్లోరిన్ నయం, 34 ఎక్కువగా విడిగా కనిపిస్తుంది. అంత యంత్రం లేనివారు ఉద్గారం తరంగదైర్ఘ్యాన్ని రెండు మూడు చోట్ల నిలిపి ఉత్తేజ వర్ణపటాలు (ఏ రంగు కాంతి ఇస్తే ఎంత వెలుగు వస్తుందో చూపే వక్రాలు) తీసి, శోషణ వర్ణపటం మీద పరిచి చూడాలి. ఎక్కడైనా ఒక గూని ఒదగకపోతే నమూనా మళ్లీ మలినాలను వేరుచేసే హెచ్‌పీఎల్‌సీకి వెళ్లాల్సిందే.