హోల్బైన్ లండన్ కొలువు: మూడు గంటల్లో ఒక తల

లండన్ బ్యాంకుల్లో ఐటీ పని చేసే మనవాళ్లు దిగే క్యానన్ స్ట్రీట్ స్టేషన్ ఉన్నచోట ఒకప్పుడు స్టీల్‌యార్డ్ ఉండేది, హాన్సా అనే వర్తక కూటమికి చెందిన జర్మన్ వర్తకుల పేట. 1532లో రెండోసారి లండన్ చేరిన జర్మన్ చిత్రకారుడు హన్స్ హోల్బైన్‌కు చేతినిండా పని ఇచ్చింది ఆ వర్తకులే. వాళ్లలో ఒకడైన గేయోర్గ్ గిజే చిత్రం ఆ ఏడాదిదే. పరాయి ఊళ్లో మొదటి పని సొంత భాషవాళ్ల దగ్గర దొరకడం ఇప్పటికీ మారలేదు.

మొదటిసారి 1526లో పండితుడు ఎరాస్మస్ సిఫారసుతో వచ్చి ఇంగ్లండ్ రాజనీతిజ్ఞుడు థామస్ మోర్ కుటుంబాన్ని గీశాడు. రెండేళ్లు దాటితే తన ఊరు, స్విస్ నగరం బాసెల్ పౌరసత్వం పోతుంది, అందుకే 1528లో వెనక్కి వెళ్లి ఇల్లు కొన్నాడు. గడువు చూసుకుని టికెట్ బుక్ చేసుకునేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఆయన గీసిన తలల స్కెచ్చులు సుమారు 80 విండ్సర్ రాజసేకరణలో ఉన్నాయి. మొదటి రాకలోవి పెద్దవి. పూత లేని కాగితం మీద నల్ల, రంగు సుద్దలతో గీసినవి. రెండో రాకలో కాగితం చిన్నదైంది, దాని మీద ముందే లేత గులాబి పూత వేసి ఉంచాడు. ఇందులో తెలివి ఉంది. ఆ పూతే ఒంటిరంగుగా పనికొస్తుంది కాబట్టి నుదురు, చెంపలు నింపే పని తప్పింది. నీడకు, పెదవికి కాస్త సుద్ద, కంటిరెప్ప అంచుకు సిరా చాలు. రాజు ఎనిమిదో హెన్రీ దర్బారు మనుషులు గంటల తరబడి కూర్చోరు మరి. హెన్రీ పెళ్లాడాలనుకున్న డెన్మార్క్ రాజకుమారి క్రిస్టీనా 1538 మార్చి 12న బ్రస్సెల్స్‌లో ఇచ్చింది మూడు గంటలే. నేషనల్ గ్యాలరీలో కనిపించే ఆమె నిలువెత్తు చిత్రానికి ఆ మూడు గంటలే ఆధారం.

బట్టలు, నగలకు రంగు వేయడు, రాసుకుంటాడు. దర్బారు ప్రముఖుడు విలియం పార్ స్కెచ్‌లో తెల్ల వెల్వెట్, ఊదా వెల్వెట్ అని జర్మన్‌లోనే నోట్సు ఉంది. రాజుగారి చిత్రకారుడైనా పని కాగితం సొంత భాషలోనే.

తర్వాత ఓక్ పలక మీదికి ఎక్కించాలి. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి బొగ్గుపొడి అద్దడం ఒక పద్ధతి. మగ్గం వర్క్‌లో డిజైన్ దించేదీ ఇలాగే. మోర్ స్కెచ్‌కు ఆ చిల్లులున్నాయి. రెండోది, కింద నల్లపొడి రుద్దిన కాగితం పెట్టి పైనుంచి మొద్దు మొనతో గీతల మీద నొక్కడం. ఏ పద్ధతైనా స్కెచ్‌లోని తల, చిత్రంలోని తల ఒకే కొలతలో వస్తాయి. కాగితం కాస్త జరిగితే కళ్ల వరుస తప్పుతుంది.

ఈ స్కెచ్చులు చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. సుద్ద రాలిపోయిన చోట తర్వాతివాళ్లు గీత బలపరిచిన సందర్భాలున్నాయి, కాబట్టి మొండిగా కనిపించే ప్రతి గీతా ఆయనది కాదు. పైన రాసిన పేర్లు కూడా ఆయన రాసినవి కావు, 18వ శతాబ్దంలో చేర్చినవి. కొన్ని తప్పు. పేరు చూసి మనిషిని నమ్మొద్దు.

రాజు ఇచ్చే జీతం ఏడాదికి 30 పౌండ్లు. బాసెల్ నగరసభ వెనక్కి రమ్మని 1538లో ఏటా 50 గుల్డెన్లు ఇస్తామంది. అయినా అక్కడ స్థిరపడలేదు. భార్య ఎల్స్‌బెత్, పిల్లలు అక్కడే ఉండిపోయారు. 1528-29లో కాగితం మీద తైలవర్ణాలతో గీసిన వాళ్ల చిత్రం బాసెల్ మ్యూజియంలో ఉంది. ఎల్స్‌బెత్ కళ్లు ఎర్రబారి ఉంటాయి. దాన్ని ఆయన దాచి అందంగా మార్చలేదు.

1543 అక్టోబర్ 7న ఆయన రాసిన వీలునామాలో ఆమె పేరు లేదు. గుర్రాన్ని, వస్తువులన్నీ అమ్మి అప్పులు తీర్చాలని, లండన్‌లో దాది దగ్గరున్న తన మరో ఇద్దరు పిల్లల పోషణకు నెలకు ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు ఇవ్వాలని ఉంది.