ఆ 83 శాతం దేనికి?

పిల్లల రీడింగ్ యాప్‌కి పాఠాలు, ప్రశ్నలు రాయడం నా పని. పిల్లలు నొక్కిన జవాబులన్నీ మెషీన్ లెర్నింగ్ మోడల్‌లోకి వెళ్తాయి. అటునుంచి టీచర్‌కి "పాఠంలో నేరుగా చెప్పనిది గ్రహించడం: 83%" అని ఒక గ్రాఫ్ వస్తుంది. ఆ 83 నాకు ఎప్పుడూ మింగుడు పడదు.

జవాబుల్ని బట్టి నైపుణ్యం ఎంత వచ్చిందో అంచనా కట్టే ఈ పద్ధతి అసలు చదవడం కోసం పుట్టింది కాదు. 1990లలో కార్బెట్, ఆండర్సన్ అనే పరిశోధకులు ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కోసం బేసియన్ నాలెడ్జ్ ట్రేసింగ్ అనే ఈ పద్ధతిని తయారుచేశారు. ఒక్కో నైపుణ్యానికి నాలుగే అంకెలు: ముందే వచ్చి ఉండే అవకాశం, ఒకసారి సాధన చేస్తే వచ్చే అవకాశం, రాకపోయినా గుడ్డిగా కొట్టే అవకాశం, వచ్చినా పొరబడే అవకాశం. జవాబు పడ్డప్పుడల్లా అంచనా మారుతుంది. 2015లో వచ్చిన డీప్ నాలెడ్జ్ ట్రేసింగ్ ఆ పనిని, డేటా చూసి తానే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కి అప్పగించింది. దాన్ని పరీక్షించింది కూడా ఎక్కువగా లెక్కల డేటా మీదే. భిన్నాలు కూడడం నిజంగా వస్తే ఏ భిన్నాలిచ్చినా కూడతారు కాబట్టి అక్కడ బాగానే నడుస్తుంది.

చదివి అర్థం చేసుకోవడం అలా ఒక్క నైపుణ్యం కాదు. 1988లో రెక్ట్, లెస్లీ ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు బేస్‌బాల్ ఆట మీద ఒక కథనం ఇచ్చారు. చదవడంలో వెనకబడ్డా ఆట తెలిసినవాళ్లు, బాగా చదువుతూ ఆట తెలియనివాళ్ల కంటే ఎక్కువ విషయం చెప్పగలిగారు. మా డేటాలోనూ అదే గొడవ. పురుగులంటే ప్రాణం పెట్టే పిల్ల సాలీడు పాఠంలో అన్నీ కరెక్ట్ కొడుతుంది, ఓడల పాఠంలో తెల్లమొహం వేస్తుంది. మోడల్ మాత్రం నైపుణ్యం పెరిగింది, తగ్గింది అంటుంది. పెరగాల్సింది ఓడల గురించిన జ్ఞానం!

అందుకే ప్రతి పాఠానికీ విషయం ఏమిటో కూడా ట్యాగ్ చేయమని పట్టుబట్టాను. ఇంకో పని కూడా చేస్తాం: పాఠం దాచేసి ప్రశ్నలు మాత్రమే పెద్దవాళ్లకిస్తాం. చదవకుండానే జవాబు చెప్పేస్తే ఆ ప్రశ్న తీసేస్తాం. ఇలా పోయే ప్రశ్నలు ఎన్నో, అందులో నాకు ముచ్చటైనవే ఎక్కువ. పాఠం చదవడానికి పట్టే టైమ్ కంటే ముందే నొక్కేసిన జవాబుల్నీ లెక్కలోకి రానివ్వం.

సొంత మాటల్లో చెప్పించడం వీటన్నిటికంటే మేలు. కానీ దానికి మార్కులు వేసే మోడల్ పాఠంలోని వాక్యాలు అప్పగించినవాళ్లకే ఎక్కువ వేస్తోంది, పంతులుగారి పాత జబ్బే.

ఇప్పుడు నేనడిగేది ఒక్కటే. శాతం బదులు ఏ పాఠంలో, ఏ ప్రశ్నకు, ఏ తప్పు ఆప్షన్ ఎంచుకున్నారో టీచర్‌కి చూపించండి. మిగతా పని టీచరే చూసుకుంటారు. మా ఇంజినీర్లు సరేనన్నారు. సేల్స్ వాళ్లకే గ్రాఫ్ కావాలట, డెమోలో బాగుంటుందని.