అరెస్టు మెమోలో ఒక అంకె

నిరుడు వేసవి సెలవుల్లో నెల్లూరులోని ఒక పౌరహక్కుల సంఘంలో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. లా విద్యార్థినిని కాబట్టి కోర్టు వాదనలు నేర్చుకుంటాననుకున్నాను. మొదటి వారమంతా ఎఫ్‌ఐఆర్ నకళ్లను తేదీల వారీగా సర్దడంతోనే గడిచింది.

అరెస్టు, నిర్బంధం విషయంలో పోలీసులు పాటించాల్సిన పద్ధతి గురించి 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 11 ఆదేశాలను ఆ రోజుల్లోనే శ్రద్ధగా చదివాను. అరెస్టు చేసే అధికారి అప్పుడే మెమో రాసి, అందులో తేదీ, సమయం వేసి, కుటుంబ సభ్యుడో ఊళ్లో పరువు గల మనిషో ఒకరి చేత సాక్షి సంతకం పెట్టించి, అరెస్టయిన వ్యక్తి సంతకం కూడా తీసుకోవాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి కనుక, ఆ లెక్క ఎప్పుడు మొదలైందో చెప్పే కాగితం ఆ మెమోయే.

కందుకూరు వైపు ఒక పల్లెకు నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు, పొగాకు బ్యారన్ దగ్గర కూలికి పోయే ఒక తల్లి కొంగుముడి విప్పి మెమో నకలు చూపించింది. కొడుకును కోడి కూయకముందే తీసుకుపోయారని ఆమె అంటోంది. కాగితంలో సాయంత్రం ఆరు గంటలని ఉంది. సాక్షి ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. “చదువుకున్నదానివి గదమ్మా, ఇది తప్పని రాయి” అని ఆమె అడిగినా, మా సీనియర్ వెంటనే రాయనివ్వలేదు. పాలు పోసే అతన్ని, తొలి బస్సుకు నిలబడినవాళ్లను విడివిడిగా అడిగించి, స్టేషన్ వారి మాట కూడా నమోదు చేయించారు. ఈ ఓపిక నాకు ఏ తరగతి గదిలోనూ దొరకలేదు.

నివేదికలో నేను రాసింది రెండు పేరాలే. వాటిలో సమయం ఉన్న వాక్యాన్ని నా చేత నాలుగుసార్లు తిరగరాయించారు.