మన ఊరి పాట

"ఉగాదికి నేను పాడను. అది మీ ఊరి పాటమ్మా. మన ఊరి పాట వేరే ఉంది."

మా అమ్మాయి ఒక్క ఇంగ్లీషు ముక్క కలపకుండా ఇంత తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ముందు దానికే మురిసిపోయాను. పాడను అన్న మాట కాసేపటికి గానీ బుర్రకెక్కలేదు. పోనీ వాక్యంలో ఏదైనా తప్పుందా అంటే, అదీ లేదు. "మన ఊరు" అంటే తెనాలి అని పద్నాలుగేళ్ళుగా దానికి నూరిపోసింది నేనే. సెలవులకి మన ఊరు వెళ్దాం, మన ఊళ్ళో అయితే ఈపాటికి మామిడికాయలు వచ్చేసేవి, మన ఊళ్ళో అయితేనా... ఆ మాట పట్టుకెళ్ళి బర్మింగ్‌హామ్‌కి తగిలించేసింది పిల్ల. పుట్టింది ఇక్కడే, కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఇంతకీ దాని మన ఊరి పాట, నేపామ్ డెత్ అనే బ్యాండు వాళ్ళ స్కమ్ అనే రికార్డు. 1987 నాటిది. స్కమ్ అంటే మురికినీళ్ళ మీద తేలే తెట్టు. 28 పాటలు, అన్నీ కలిపి 33 నిమిషాలు. హార్డ్‌కోర్ పంక్ అప్పటికే వేగమైన సంగీతమట, వీళ్ళు దాన్ని ఇంకా వేగంగా, ఇంకా మొరటుగా తోమితే గ్రైండ్‌కోర్ అని కొత్త రకం తయారైందట. ఆ తర్వాత ఆ దారిన పోయిన బ్యాండ్లన్నీ ఎక్కడో ఒకచోట ఈ రికార్డుకి బాకీ ఉంటాయట. ఇదంతా మా పిల్ల చెప్పింది. బళ్ళో చరిత్ర పాఠం అడిగితే భుజాలు ఎగరేసే పిల్ల.

నేను మొదట చేసిన పని హెడ్‌ఫోన్స్ బియ్యం డబ్బాలో దాచడం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పోయిన దసరాకి మా తెలుగువాళ్ళ కూడికలో "పిల్లల ఇష్టాలని గౌరవించాలండీ" అని మైకు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడినదాన్ని. రెండో రోజు అన్నం వండబోయి మా ఆయన వాటిని బయటికి తీశాడు. కడగాలా అని అడిగాడు.

ఆ ఆదివారం టివిడేల్‌లో బాలాజీ గుడికి వెళ్తున్నాం. ఆయన నడుపుతున్నాడు. సరే, యుద్ధం ఎందుకని, "ఏదీ, పెట్టు చూద్దాం నీ మన ఊరి పాట" అన్నాను. పద్నాలుగేళ్ళ బుద్ధి కదా, ఏరి ఏరి ఒకటి పెట్టింది. నేను అలవాటు చొప్పున తొడ మీద ఆది తాళం మొదలెట్టాను. దెబ్బ పడింది. చిటికెనవేలు ఆనిందో లేదో, పాట లేదు.

"ఏదీ?"

"అయిపోయిందమ్మా."

1.316 సెకన్లు. లోకంలో రికార్డు చేసిన పాటల్లో అతి పొట్టిదని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. అందులో సాహిత్యం కూడా ఉందంటే నమ్మండి. నాలుగు ఇంగ్లీషు మాటలు. నువ్వు బాధపడుతున్నావు, కానీ ఎందుకు అని అర్థం. నాకు వినిపించింది మాత్రం ఎవరో మెట్ల మీద జారి పడిన చప్పుడు. ముందు సీట్లో మా ఆయన భుజాలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకోలేక.

ఆ తర్వాత మొదటి వైపు పాటలు వరసగా పెట్టింది. నేను తాళం అందుకుందామని పట్టుబట్టాను. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడిన చెయ్యి ఇది, ఆమాత్రం దొరకదా? దొరకలేదు. "అది బ్లాస్ట్ బీట్ అమ్మా" అని నా చెయ్యి పట్టుకుని చూపించింది. కుడి చేత్తో నా మోకాలి మీద, కాలితో సీటు కింద, ఒకటి విడిచి ఒకటి, మధ్యలో గాలి దూరకుండా. ఆ మాట పుట్టించింది ఈ రికార్డులో డ్రమ్స్ వాయించిన మిక్ హారిస్ అంటారు. నాలుగేళ్ళ కిందట ఇదే పిల్ల చెయ్యి పట్టుకుని దెబ్బ, వేళ్ళు, దెబ్బ, విసురు అని నేర్పింది నేను. అప్పుడు ఇంత ఓపికగా చెప్పానా? లేదు. వేళ్ళు తప్పు లెక్కపెడితే చెయ్యి మీద ఒకటి వేసేదాన్ని. ఇది నా చెయ్యి మీద వెయ్యలేదు.

ఆ బ్యాండు మొదలైంది 1981లో, మెరిడెన్ అనే పల్లెలో. కోవెంట్రీ వెళ్ళే దారిలో ఉంటుంది. ఇంగ్లండుకి బొడ్డు అక్కడే అని వాళ్ళు చెప్పుకుంటారు. మొదలుపెట్టింది బడికెళ్ళే కుర్రాళ్ళు. స్కమ్ మొదటి వైపు 1986 ఆగస్టులో సెల్లీ ఓక్‌లో ఒక స్టూడియోలో రికార్డు చేశారు. ఆ స్టూడియో పేరు ఇక్కడ రాయను, ఇది మా అమ్మకి చదివి వినిపించేవాళ్ళున్నారు. అయిన ఖర్చు 50 పౌండ్లు. మా సంగీతం టీచరుగారికి నేను నెలనెలా పంపేది అంతకంటే ఎక్కువే. గిటారు వాయించిన అబ్బాయికి అప్పటికి పదహారో పదిహేడో. రెండో వైపు 1987 మేలో. ఈ తొమ్మిది నెలల్లో డ్రమ్స్ వాయించే అతను తప్ప అందరూ మారిపోయారు. ఇప్పుడు ఆ పేరుతో తిరుగుతున్న బ్యాండులో ఈ రికార్డు మీద వాయించినవాళ్ళు ఒక్కరూ లేరు.

"మరి అదే బ్యాండు ఎలా అయ్యిందే?" అన్నాను.

"మీ తెనాలిలో మీ వీధిలో ఇప్పుడెవరున్నారు?" అంది.

గుడి వచ్చింది కాబట్టి బతికిపోయాను.

పరికిణీ మీదకి జాకెట్టు కుట్టించాలని స్పార్క్‌హిల్ తీసుకెళ్ళాను. పాడకపోయినా పట్టు పరికిణీ కట్టుకుని కూర్చుంటానని ఒప్పుకుంది, అదో సంధి. స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డు నాకు అంగుళం అంగుళం తెలుసు అనుకునేదాన్ని. ఏ కొట్లో ఫాల్ కుడతారు, ఎక్కడ జిలేబీ వేడిగా దొరుకుతుంది, శనివారం కారు ఎక్కడ పెట్టాలి. మా పిల్ల ఈ రోడ్డు మీదే మర్‌మెయిడ్ అనే పబ్ ఉండేదంటూ ఎదురు వరసకేసి వెతుక్కుంటూ నడుస్తోంది. ఎనభైల్లో ఆ కుర్రాళ్ళు వాయించింది అక్కడేనట. కొలతల కాగితం చేత్తో పట్టుకుని నేనూ అటే చూశాను. పదహారేళ్ళ నుంచి చీరల కోసం నేను తిరుగుతున్న రోడ్డు మీద దానికో పుణ్యక్షేత్రం ఉంది, నాకు తెలియదు.

సాహిత్యం చదివాక నా భయం ఇంకో రకంగా తిరిగింది. బూతులుంటాయని వెతికాను. దొరికింది మా నాన్న. మొదటి పాటే బహుళజాతి కంపెనీల మీద. జనం ఆకలితో చస్తుంటే లాభాలు లెక్కపెట్టుకునేవాళ్ళ మీద. "ఇది మీ ఆఫీసు గురించేగా" అంది పిల్ల, ఏ వెటకారమూ లేకుండా. మా ఇద్దరి వీసాలూ, ఈ ఇంటి వాయిదాలూ, దాని హెడ్‌ఫోన్సూ అలాంటి కంపెనీ పెట్టిన భిక్షే. మా నాన్న ట్రంకుపెట్టెలో, సమాజం మీద కోపంతో అరిచినట్టు రాసిన దిగంబర కవుల సంపుటాలు ఉండేవి. 1965లో మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారని నాన్న చెప్తుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఇక్కడ ఎవరు కలిసినా ఆ కథ నేనే చెప్తాను, మా ఇంట్లో ఏదో విప్లవం జరిగినంత గొప్పగా. అరవైల్లో హైదరాబాదులో అరిస్తే కవిత్వం, మా మేడ మీద గదిలో అరిస్తే తలనొప్పి. ఈ లెక్క ఎలా కుదిరిందో నన్నడగొద్దు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. నేను వర్ణం దగ్గరే సంగీతం మానేశాను, పదమూడో ఏట. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఈ సంగతి మా అమ్మాయికి తెలియదు. దాని దృష్టిలో నేను పెళ్ళయి ఇంత దూరం వచ్చాను కాబట్టి కచేరీలు మానుకున్న గాయనిని. నేనెప్పుడూ అలా చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

తోటి తల్లులకి సలహా ఇద్దామనే ఇది మొదలుపెట్టాను. పిల్లలు వినేది వాళ్ళ పక్కన కూర్చుని వినండి, భయం పోతుంది అని. పోతుంది, నిజమే. ఒకరోజు ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ నేనే ఆ రికార్డు పెట్టుకున్నాను. రవ్వ వేగేసరికి ఎనిమిది పాటలు అయిపోయాయి. మెట్లు దిగుతున్న పిల్ల సగంలో ఆగిపోయింది. మెచ్చుకుంటుందనుకున్నాను. మొహం చిన్నబోయింది. అప్పట్నుంచి స్కమ్ మా ఇంట్లో స్పీకరు మీద వినపడటం తగ్గింది. నన్ను బయట పెట్టడానికి అది వేసుకున్న తలుపేమో అది. నేను గడపకి పసుపు రాసి మరీ లోపలికి వెళ్ళిపోయాను. మరి వినకుండా దూరంగా ఉండాల్సిందా? అప్పుడు బియ్యం డబ్బాలో దాచేదాన్ని. నాకు ఈ రెండూ తప్ప మూడోది తెలియలేదు.

ఉగాది అయిపోయింది. పరికిణీ కట్టుకుంది, పచ్చడి పంచింది, పాడలేదు. పాడుతుందని ఊరంతా చెప్పుకున్న మా అమ్మకి గొంతు నొప్పి అని అబద్ధం చెప్పాను. నిన్న వీడియో కాల్‌లో అమ్మ గొంతు తగ్గిందా అని అడిగితే, పిల్ల నా వైపు చూసి, "నాకు గొంతు బానే ఉంది అమ్మమ్మా, నేను వేరే పాటలు వింటున్నాను" అంది.

"ఏదీ, నన్నూ విననీ."

పెట్టింది, అదే, 1.316 సెకన్లది. తెనాలిలో అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. మాకు చెవీ, దుద్దూ మాత్రమే కనబడుతున్నాయి.

"సిగ్నల్ పోయిందే. ఏదో గుర్రుమంది. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. మూడోసారి, నాలుగోసారి. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, అటు తిరగలేదు.

"అదే పాట అమ్మమ్మా, అంతే ఉంటుంది. నువ్వు బాధపడుతున్నావు, కానీ ఎందుకు, అని."

అమ్మ కాసేపు ఊరుకుంది. "ఎవర్నే అడిగేది, మీ అమ్మనా?" అంది.