36 మంది పిల్లలు, ఒకే గాయకుడి పాత్ర

బెంగళూరులో మా పిల్లలతో వేస్తున్న తెలుగు నాటకంలో కోరస్ (గుంపుగా కథ చెప్పేవాళ్ళు) ఇంకా నడవట్లేదు. జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ 'కాకేసియన్ చాక్ సర్కిల్'లో కథ చెప్పే గాయకుడి పాత్రను 12 గొంతులకు పంచాం. పనిపిల్ల గ్రూషా గవర్నరు పసివాణ్ణెత్తుకుని కొండల్లోకి పారిపోయే ఘట్టం ఒక్కరే చెబితే 2 నిమిషాల 10 సెకన్లు. పంచుకుంటే 3 నిమిషాల 25 సెకన్లు! హాల్లో వెనక బెంచీలు అప్పటికే కబుర్లలో పడ్డాయి.

రికార్డింగ్ పెట్టి లెక్క చూస్తే గొంతు 44 సార్లు మారుతోంది, మారినప్పుడల్లా దాదాపు సెకను ఖాళీ. అదే 44 సెకన్లు. మిగతా 31 సెకన్లూ సాగదీతే: ఎవరి ముక్కను వాళ్ళు పూర్తి వాక్యంలా చివర్లో దించేస్తున్నారు.

తప్పంతా కోసిన చోట్లదే. "సైనికులు వెతుకుతున్న బిడ్డని" ఒకరికి, "చంకనెత్తుకుని" ఇంకొకరికి, "ఊరు దాటింది" మూడోవారికి ఇస్తే, తెలుగులో క్రియ చివర్న ఉంటుంది కాబట్టి మొదటివాడు గాల్లో వేలాడతాడు. "ఎత్తుకుని", "వెళితే", "చూసేసరికి" లాంటి మాటల తర్వాతే కోస్తే మార్పులు 19కి దిగాయి, సమయం 2 నిమిషాల 40 సెకన్లకి. ఇంకా 10 సెకన్లయినా తగ్గాలి.

వేదిక వెడల్పు 8 మీటర్లు. ఎడమ చివర నుంచి కుడి చివరకి మాట దాటే రెండు చోట్ల ఇప్పటికీ తడబాటే. ఒకరి నోరు ఒకరికి కనపడక కావచ్చు. లేదా రేకుల కప్పు ప్రతిధ్వని ఆగేదాకా పిల్లలు ఎదురుచూస్తున్నారేమో. వెనక గోడకి దుప్పట్లు కట్టి చూస్తే ఏది నిజమో తేలుతుంది. మైకులు పెంచడం మందు కాదు, ప్రతిధ్వని కూడా పెరుగుతుంది.

బెంగళూరు తలనొప్పి ఇంకోటి: ఇంట్లో తెలుగే అయినా సగం మందికి కన్నడ లిపే చదవడం వచ్చు. రెండు లిపుల కాపీల్లో లైన్లు వేర్వేరు చోట్ల విరుగుతాయి కాబట్టి "మూడో లైను నుంచి" అంటే గందరగోళం. ముక్కలకి నంబర్లు వేయాల్సిందే.

ఒకరే రెండు పాత్రలు వేసే డబుల్ రోల్స్ పట్టిక గూగుల్ షీట్స్‌లో కుదిరిపోయింది. వేషం మార్పుకి భుజమ్మీది తువ్వాలు రంగు చాలు.

ఇంతమంది పిల్లలకి 'కన్యాశుల్కం' ఎందుకు తీసుకోలేదంటే, పాత్రలు బోలెడున్నా మాటలన్నీ గిరీశం, మధురవాణి, రామప్పంతులు చుట్టూనే. 1909 కూర్పును గంటన్నరకి కుదిస్తే మిగతావాళ్ళకి దక్కేది రెండేసి ముక్కలు. గుంపు నాటకానికి పాత్రల జాబితా కాదు, ఎవరు ఎన్ని నిమిషాలు వేదిక మీద పని చేస్తున్నారో చూడాలి.

హక్కుల సంగతి: బ్రెష్ట్ 1956లో పోయాడు, మన దేశంలో 60 ఏళ్ళ గడువు 2016 చివరికి ముగిసింది. కానీ ఇంగ్లీషు అనువాదం నుంచి తెలుగు చేస్తే ఆ అనువాదకుడి హక్కు వేరు. విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందే వేస్తే కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి బయటివాళ్ళని పిలిస్తే ఉండదు.

తర్వాత పని, గ్రూషా బిడ్డతో దాటే లోయ మీద పాత వంతెన ఘట్టం. చెక్కతో కట్టే ఆలోచన లేదు. విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం 'ఘాశీరాం కొత్వాల్'లో మనుషులే తెరగా నిలబడినట్టు, 14 మంది భుజాలు కలిపి వంతెనవుతారు, కదిలే తువ్వాళ్ళే తాళ్ళు. గ్రూషాగా తేలికపాటి పిల్లే కావాలి. ముందు చాపల మీద, మోకాలి ఎత్తులో.